షెడ్డుకు సున్నా

సత్యనారాయణమూర్తి గారికి సున్నా అంటే గిట్టదు.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ మోటారు పంపుల కంపెనీలో ఆయన ఈడీపీ మేనేజరు. తొంభై ఎనిమిదిలో కంప్యూటర్ల శాఖని ఇంకా అలాగే పిలిచేవాళ్లు. కంప్యూటరు మీద ఆయన చెయ్యి పడగా చూసినవాళ్లు మాత్రం లేరు. టైం ఆఫీసులో ఇరవై ఏళ్లు హాజరు పట్టీలు దిద్ది, సీనియారిటీ లిస్టులు కట్టి, ఆ పుణ్యంతో ఏసీ గదికి ఎక్కివచ్చిన మనిషి. స్కూటర్ల స్టాండులో ఎవరి బండి పక్కన ఎవరి బండి నిలవాలో కూడా హోదాల ప్రకారం రాసి గోడకి అంటించాడు. క్యాంటీన్‌లో గ్లాసులకి సైతం అలాంటి ఏర్పాటేదో చేద్దామనుకుని, గ్లాసులన్నీ ఒకటే రకం కావడంతో ఆగిపోయాడని చెప్పుకునేవారు.

ఆ సోమవారం ఉదయం ఆయన సూర్యకళ గీసిన పటం ముందు నిలబడి, కళ్లజోడు ముక్కు మీదకి జార్చి, "ఇదేంటమ్మా?" అన్నాడు.

"నెట్‌వర్క్ పటం సర్. గురువారం ఐఎస్ఓ ఆడిటర్లు వస్తున్నారు, గీసిపెట్టమన్నారు కదా."

"అది కనపడుతూనే ఉంది. ఎండీ గారి బిల్డింగు పక్కన సున్నా ఏమిటి? షెడ్డు పక్కన ఒకటి ఏమిటి?"

సూర్యకళ ఆ ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. ఆరు నెలలు నిండితే గానీ ఖాయం చెయ్యరు. ఆ గదిలోని సర్వరు ఆమె చేతి మీదే నడుస్తోంది. పత్రికతో ఊరికే వచ్చిన సీడీ నుంచి అందులోకి లినక్స్ ఎక్కించింది కూడా ఆమే. ఆ సర్వరు వెనక రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకదాని నుంచి బయలుదేరిన నల్ల తీగ ఎండీ గారు కూర్చునే ఆఫీసు బిల్డింగుకి పోతుంది. రెండోదాని తీగ పెరడు దాటి, లేతు మిషన్లుండే వెనక షెడ్డులోని స్టోర్సుకీ డిస్పాచ్‌కీ పోతుంది. సిస్టం మొదట చూసిన కార్డుకి ఈత్ జీరో అనీ, తర్వాతి దానికి ఈత్ వన్ అనీ పేరు పెట్టుకుంటుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

"మిషను సున్నా నుంచి లెక్కపెడుతుంది సర్. సున్నా అంటేనే మొదటిది."

"మిషనుకి కావచ్చు. ఎండీ గారు సున్నా నుంచి లెక్కపెట్టరు. లేతు మిషన్ల వాళ్లకి నంబర్ వన్ ఇచ్చి, ఆయనకి సున్నా చుట్టి, ఆ పటాన్ని ఆయన గోడకే తగిలిస్తావా? మార్చు."

"పటంలో మార్చమంటారా?"

"పటం ఒకలా, లోపల ఇంకోలా ఉంటే ఆడిటర్లు పట్టుకోరూ? లోపలే మార్చు. అన్నం బెల్లు కొట్టేలోగా పటం నా టేబుల్ మీద ఉండాలి."

సూర్యకళ దగ్గర వెక్కిరింతకి కొదవ లేదు. నోటితో కాదు, లోపలే. తెర ఆర్పేసి ఉంటే కంప్యూటరు చచ్చిపోయిందని ఫోన్ చేసే డిస్పాచ్ గుమాస్తానీ, ఫ్లాపీని వేడి టీలా ఊదే అకౌంట్స్ వాళ్లనీ ఆమె రోజూ లోపల్లోపల ఉతికి ఆరేస్తూనే ఉంటుంది. మూర్తిగారి వంతు మాత్రం ఎప్పుడూ ప్రత్యేకం. పటంలో వంకర గీత ఎక్కడైనా ఉందేమో అని ఆయన వేలితో తడుముతుంటే, ఈయనకి దేవుడు తలకాయ ఇచ్చింది కళ్లజోడు నిలవడానికే అనుకుంది.

సిస్టం ఫైల్లో ఒక వరస ఉంది. అందులో రెండు అంకెలు, ఒక్కో కార్డుది ఒక్కోటి. ఏది ముందు రాస్తే ఆ కార్డే జీరో. ఆమె ఆ రెండూ అటూ ఇటూ చేసింది. పట్టుమని పది క్షణాలు పట్టలేదు. దానితోపాటే మార్చవలసినవి ఇంకో రెండు ఫైళ్లు ఉన్నాయి. జీరోకి ఏ చిరునామా, వన్‌కి ఏ చిరునామా అన్నది వాటిల్లో ఉంటుంది. ఇళ్ల తలుపుల మీద పేరు పలకలు మార్చాక సామాన్లు కూడా మార్చుకోవాలి కదా. అది చేసి, పన్నెండు చోట్లకి ఫోన్లు చేసి అందర్నీ సిస్టంలోంచి బయటికి రమ్మని, సర్వరుని ఒకసారి ఆపి మళ్లీ లేపి చూడాలి. లేపితే గానీ కొత్త పేర్లు అమల్లోకి రావు.

ఆమె రెండో ఫైలు తెరవబోతుండగా మూర్తిగారు అద్దాల గది లోంచి, "పటం ఏదమ్మా?" అని కేకేశాడు.

ఈ వెధవ పనికి ఇంత శ్రద్ధ కూడానా, అనుకుంది సూర్యకళ. మార్చింది సేవ్ చేసి, పటంలో సున్నా ఒకటి తారుమారు చేసి, ప్రింటరుకి కాగితం తగిలించింది. ఆ చప్పుడులో మిగతా రెండు ఫైళ్లూ మనసులోంచి జారిపోయాయి. మూర్తిగారు పటం చూసి, "ఇప్పుడు బాగుంది" అన్నాడు. సర్వరు ఏమీ జరగనట్టే పాత పేర్లతో మూడు రోజులు నడిచింది.

*

గురువారం పదకొండింటికి కరెంటు పోయింది.

కరెంటు పోతే కంపెనీలో అందరూ చేతులు ముడుచుకుని చెట్ల కిందికి చేరతారు. హన్మయ్య మాత్రం నిచ్చెన ఎత్తుకుంటాడు. అతను కరెంటు పనివాడు. బోడుప్పల్ నుంచి సైకిల్ మీద వస్తాడు. తొమ్మిదేళ్లుగా క్యాజువల్. అంటే రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఆ రోజుకి పని ఉందన్న చీటీ చేతికి అందాకే లోపలికి రావాలి. ఈసారి పర్మనెంటు లిస్టులో అతని పేరు ఎక్కింది. ఆ లిస్టు శనివారం ఎండీ గారి సంతకానికి వెళ్తుంది. లిస్టు పంపేది మూర్తిగారే. టైం ఆఫీసు వదిలినా ఆ పెత్తనం ఆయన వదల్లేదు.

షెడ్డులో ఇనప రజను కంటికి కనపడకుండా ఎగురుతుంటుంది. అది కంప్యూటరు తీగ అతుకుల్లోకి చేరితే గంటకోసారి ఏదో ఒకటి మొరాయిస్తుంది. అందుకని కరెంటు లేనప్పుడు హన్మయ్య నిచ్చెన ఎక్కి, ఒక్కో అతుకు విప్పి, స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడిచి, మళ్లీ తిప్పి బిగిస్తాడు. ఎవరూ చెప్పిన పని కాదది. నాలుగు నెలలుగా షెడ్డు తీగ ఒక్కసారీ తెగకపోవడానికి కారణం అదేనని సూర్యకళకి తెలుసు. తెలిసినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచనూ లేదు.

ఇరవై నిమిషాలకి యూపీఎస్ కుయ్యోమని ఆగిపోయింది, సర్వరూ ఆగిపోయింది. పదకొండూ నలభైకి కరెంటు వచ్చింది. సర్వరు లేచింది. కానీ ఆఫీసు బిల్డింగులో ఒక్క తెర మీదా ఏమీ రాలేదు, షెడ్డులోనూ రాలేదు. ఆడిటర్లు ఎండీ గారి గదిలో ఉన్నారు. గేటు దగ్గర మూడు లారీలు చలానాల కోసం కాచుకున్నాయి.

మూర్తిగారు మెట్లు దిగి పరుగెత్తాడు. షెడ్డు గుమ్మంలోకి వచ్చేసరికి ఎదురుగా నిచ్చెన, నిచ్చెన మీద హన్మయ్య, అతని చేతిలో తీగ. ఆయనకి ఇంకేం కావాలి?

"ఎవడు ఎక్కమన్నాడ్రా నిన్ను?"

"నేను బిగిస్తనే ఉన్న సార్. ఇదొక్కటే—"

"ఆడిటర్లు వచ్చిన రోజే దొరికిందా నీకు? దిగు ముందు, దిగు!"

గదిలో సూర్యకళ కార్డుల జాబితా చూపించమని సిస్టంని అడిగింది. తెర మీద నాలుగు వరసలు వచ్చాయి. షెడ్డు చిరునామా ఆఫీసు కార్డు నెత్తిన, ఆఫీసు చిరునామా షెడ్డు కార్డు నెత్తిన కూర్చుని ఉన్నాయి. సోమవారం తెరవబోయి మానేసిన ఫైలు, ప్రింటరు చప్పుడు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. రెండు ఫైళ్లూ సరిచేయడానికి మూడు నిమిషాలు పట్టింది. మళ్లీ లేపితే రెండు పక్కలా అన్నీ వచ్చేశాయి.

మూర్తిగారు ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు. "చూశావా? వాడు తీగ బిగించగానే ఎలా వచ్చేసిందో! దగ్గరుండి బిగింపించి దింపాను కాబట్టి సరిపోయింది."

సూర్యకళ అవునని అనలేదు. కాదనీ అనలేదు. తల వంచుకుని కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది.

మెమో పావుగంటలో తయారైంది. మూర్తిగారు దాన్ని తీసుకుని భోజనాల వేళ స్వయంగా షెడ్డుకి వెళ్లాడు. నలభై మంది టిఫిన్ డబ్బాల ముందు కూర్చుని ఉండగా నిలబడి చదివాడు. నిర్లక్ష్యం, అనుమతి లేకుండా, ఉత్పత్తికి ఆటంకం, పర్మనెంటు లిస్టు నుంచి పేరు ఎందుకు తీసివేయరాదో ఇరవై నాలుగు గంటల్లో జవాబు చెప్పవలెను. ఇంగ్లీషులో చదివి, అందరికీ అర్థం కావాలని తెలుగులో మళ్లీ చెప్పాడు. పెద్ద లేతు మీద పనిచేసే సాంబయ్య, ఆ షెడ్డులో అందరికన్నా పెద్దవాడు, నోటి దాకా వచ్చిన ముద్దని డబ్బాలో పెట్టేశాడట. ఆ మాట సూర్యకళకి తర్వాత తెలిసింది. ఆడిటర్లు పటాన్ని మెచ్చుకున్న సంగతి మాత్రం అప్పుడే తెలిసింది, మూర్తిగారే వచ్చి రెండుసార్లు చెప్పాడు.

*

శుక్రవారం పదిన్నరకి హన్మయ్య ఏసీ గది బయట చెప్పులు విడిచి, తలుపు కొంచెం తోసి నిలబడ్డాడు.

"మేడం, జర ఒక కాయితం టైపు జేసిస్తరా? మెమోకు జవాబు. ఇంగ్లీషుల ఉండాలంటున్రు."

సూర్యకళ కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు. గ్రీజు మరకలున్న ప్యాంటుతో ఆ కుర్చీలో కూర్చోవడం అతనికి ఇష్టం లేనట్టుంది. రెండు చేతులూ ముందుకి చాపాడు. గోళ్ల చివర నల్లగా ఉంది, అరచేతులు మాత్రం స్పిరిటుకి తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి.

"గీ చెయ్యి షెడ్డు తీగె. గీ చెయ్యి ఆఫీసు తీగె. నేను ఇప్పింది గీదొక్కటే. ఆఫీసు తీగె దిక్కు నేను సూడనన్న సూడలే. మరి ఆఫీసు ఎందుకు బందయింది? గీ ముక్క రాయున్రి మేడం. ఇంకేం రాయకున్నా మంచిదే."

సూర్యకళ అతని చేతుల వంక చూడలేక తెర వంక చూసింది. ఇంజనీరింగ్ చదవలేదు, కంప్యూటరు ముట్టుకోలేదు, అయినా తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఇప్పుడు చెప్పెయ్యి అని లోపల ఒక మాట. ఇంకో నెల ఆగితే ఉద్యోగం ఖాయం అని ఇంకో మాట. రెండో మాటే గట్టిగా వినిపించింది.

ఆమె టైపు చేసింది. మంచి ఇంగ్లీషు. జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాననీ, విద్యుత్ అంతరాయం కారణంగా అనుకోని పరిస్థితులు ఏర్పడ్డాయనీ, ఇకపై అనుమతి తీసుకుని పని చేస్తాననీ, పెద్ద మనసుతో పరిశీలించమనీ. ఎవరినీ నొప్పించని ఉత్తరం. చదివి తెలుగులో చెప్పింది.

హన్మయ్య శ్రద్ధగా విన్నాడు. "నేను జెప్పిన రెండు చేతుల మాట లేదు గద మేడం."

"అది రాస్తే సార్‌కి కోపం వస్తుంది. ఎదురు తిరుగుతున్నావంటారు. ఇలా రాస్తే వదిలేస్తారు."

"వదిలేస్తరా?" అన్నాడు హన్మయ్య. "నేనేం దొంగతనం జేసిన్నని వదిలేసుడు?"

ప్రింటరు గీ మని కాగితాన్ని బయటికి తోసింది. అతను ఆమె ముఖం వంక చూశాడు, కోపంగా కాదు, తీగ ఎక్కడ తెగిందో వెతికేవాడిలా నిదానంగా. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిది మేడం. మీకు తక్లీఫ్ ఇచ్చిన."

ఆ సాయంత్రం ఉప్పల్ వెళ్లే బస్సులో నిలబడి సూర్యకళ ఆ ఉత్తరాన్ని తలచుకుని, బాగానే రాశాను, పని జరిగిపోతుందిలే, అని తనకి తాను నచ్చజెప్పుకుంది. రింగు రోడ్డు వచ్చేసరికి కూడా నచ్చలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

*

శనివారం ఆమె గదిలోకి వచ్చేసరికి మూర్తిగారు నవ్వుతున్నాడు. ఆయన ముందు పర్మనెంటు లిస్టు, చేతిలో ఎర్ర సిరా పెన్ను, ఇంకో చేతిలో రూళ్ల నోటుబుక్కు లోంచి చింపిన కాగితం.

"నువ్వు టైపు చేసిచ్చావట కదమ్మా జవాబు? అది ఇవ్వలేదు వాడు. సొంత కవిత్వం ఇచ్చాడు. విను." ఆయన గొంతు సాగదీసి చదివాడు. "'రెండు తీగెలల్ల నేను ఇప్పింది ఒక్కటే. బందయింది రెండు దిక్కులు. రెండోది ఎట్ల బందయిందో మిషిన్ కాడ కూసునేటోళ్లకు ఎరుక. వాళ్ల పేరు నేను రాయను. రాయాలంటే వాళ్లే రాసుకోవాలె.' ఎరుకట, ఎరుక! బెదిరిస్తున్నాడు వెధవ. లిస్టులోంచి తీసెయ్యడం కాదు, సోమవారం నుంచి గేటు దగ్గర చీటీ కూడా ఇవ్వొద్దని చెప్తాను." పెన్ను మూత తీశాడు.

"మిషను దగ్గర కూర్చునేది నేనే సర్."

"ఆఁ?"

"తీగ తప్పు కాదు. మీరు సోమవారం పేర్లు మార్చమన్నారు. నేను సగం మార్చి సగం మర్చిపోయాను. కరెంటు పోయి సర్వరు మళ్లీ లేచినప్పుడు అది బయటపడింది. హన్మయ్య నిచ్చెన ఎక్కకపోయినా అంతే జరిగేది."

ఉద్యోగం పోయింది అనుకుంది. పోతే పోయింది అని కూడా అనుకుంది, అది అంత నిజం కాదు.

మూర్తిగారు లేచి వెళ్లి తలుపు మూశాడు. కోప్పడతాడని చూసింది. ఆయన కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఎండీ గారు పిలిచి, పేర్లు ఎందుకు మార్చావమ్మా అని అడిగితే ఏం చెప్తావు?"

"షెడ్డుకి ఒకటి, ఆయనకి సున్నా ఉండకూడదని మీరన్నారని చెప్తాను."

కళ్లజోడు తుడవడం ఆగింది. ఆ ముఖంలో లెక్కలు కదలడం ఆమెకి స్పష్టంగా కనపడింది. హన్మయ్య బతుకు ఆ లెక్కలో ఒక్క గడి కూడా కాదు. ఎండీ గారు ఆ మాట విని నవ్వుతారా, ఎంతసేపు నవ్వుతారు, ఎవరెవరి ముందు నవ్వుతారు, అంతే ఆయన వేసుకుంటున్నది.

"పాపం, కరెంటు వాళ్ల తప్పుకి మనం మనం కొట్టుకోవడం ఏమిటమ్మా," అన్నాడు చివరికి. మెమో నకలుని, హన్మయ్య కాగితాన్ని కలిపి సన్నగా చించి బుట్టలో వేశాడు. "వోల్టేజీ హెచ్చుతగ్గులు అని రాసేద్దాం. వాడి పేరు లిస్టులో ఉండనీ. నువ్వు కూడా చిన్నపిల్లవి, ఇలాంటివి బయట అనకు." ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాడు. లిస్టు చేతపట్టుకుని, తనే ఎండీ గారి గదికి బయలుదేరాడు.

సూర్యకళ దాదాపు పరుగున షెడ్డుకి వెళ్లింది. గెలిచినట్టే ఉంది ఆమెకి. హన్మయ్య గోడవార కూర్చుని పాత స్విచ్చు బోర్డు విప్పుతున్నాడు.

"హన్మయ్యా, మెమో తీసేశారు. లిస్టులో నీ పేరు ఉంది. ఇప్పుడే సంతకానికి వెళ్లింది."

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. కళ్లు ఒక్కసారి గట్టిగా మూసి తెరిచాడు. తొమ్మిదేళ్ల చీటీలు ఆ రెప్పపాటులో దిగిపోయినట్టున్నాయి. తర్వాత అడిగాడు.

"తప్పు ఎవ్వలదని రాసిన్రు?"

"కరెంటుది."

"కరెంటుదా." అతను నవ్వలేదు. "మెమో నలభై మంది ముంగట సదివిన్రు మేడం. తీసేసుడు యాడ జేసిన్రు?"

"గదిలో."

"తలుపు ఏసుకొనా?"

ఆమె తల ఊపింది. అతను మళ్లీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. "ఇంకో పది నిమిషాలకు అన్నం బెల్లు గొడ్తరు," అన్నాడు బోర్డు వంక చూస్తూనే. అంతకు మించి ఏమీ అడగలేదు.

బయట అనకు అన్న మూర్తిగారి మాట ఆమె చెవిలో ఉంది. వెళ్లిపోవచ్చు. ఆమె వెళ్లలేదు. లేతు మిషన్ల చప్పుడులో చేతులు కట్టుకుని నిలబడింది. బెల్లు మోగింది, మిషన్లు ఒకటొకటే ఆగాయి, మనుషులు చేతులు కడుక్కుని వచ్చి డబ్బాలు తెరిచారు. ఎవరూ ఆమెని ఎందుకొచ్చావని అడగలేదు.

"గురువారం రెండు పక్కలా ఆగిపోయింది నా వల్ల," అంది సూర్యకళ. షెడ్డు పెద్దది, గొంతు చాల్లేదు. ఇంకొంచెం గట్టిగా అంది. "నేను సర్వరులో ఒకటి మార్చి, ఇంకోటి మార్చడం మర్చిపోయాను. హన్మయ్య తప్పు ఏమీ లేదు. నాకు ఆ రోజే తెలుసు. చెప్పలేదు."

ఆమె ఒక గలాటా కోసం ఎదురుచూసింది. కనీసం ఒక ఆశ్చర్యం కోసమైనా. సాంబయ్య జొన్నరొట్టె తుంచి కారంలో అద్దుకున్నాడు.

"మాకెరుకే మేడం," అన్నాడు. "బేస్తారం నాడే ఎరుక. ఒక తీగె ఇప్పితే రెండు దిక్కులు ఎట్ల బందయితయి? గంత తెల్వనోళ్లమా? మేం పోయి లొల్లి జేస్తమంటే హన్మయ్యనే ఆపిండు. పోరికి కొత్త నౌకరీ, దాని నోటితోటి అది చెప్పనీయున్రి అన్నడు."

ఆ పక్కన ఒకతను నీళ్ల చెంబు జరపమని ఇంకొకతన్ని అడిగాడు. మాటలు మామూలుగా మొదలయ్యాయి. ఈ రెండు రోజులూ ఆమె టీకి ఇటు నుంచే వెళ్లింది, ఇటు నుంచే వచ్చింది. వీళ్లకేం తెలుసులే అన్న ధీమాతోనే నడిచింది. వాళ్లు తల ఎత్తి చూసి మళ్లీ పనిలో పడేవాళ్లు. మూర్తిగారిని తను రోజూ ఏ చూపు చూస్తుందో, ఆ రెండు రోజులూ నలభై మంది తనని చూసిన చూపు అదేనని సూర్యకళకి అక్కడ నిలబడి ఉండగా తెలిసింది.